మెరూన్ రంగు రైలు

పాత వస్తువు ఆకారాన్ని తెలుసుకోవడం కంటే దాని రంగును తెలుసుకోవడం కష్టం. ఒక రైలు బోగీ పొడవెంత, వెడల్పెంత, కిటికీలు ఎన్ని అని అడిగితే కర్మాగారపు పటాలు సమాధానం చెబుతాయి. పెరంబూరులో 1955లో ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నమూనా బోగీ పొడవు 21,337 మిల్లీమీటర్లు, వెడల్పు 3,245 మిల్లీమీటర్లు. ఇందులో సందేహానికి తావు లేదు. అదే బోగీ 1970 ప్రాంతంలో ఏ రంగులో ఉండేదని అడిగితే 'మెరూన్' అన్న ఒక్క మాట వస్తుంది. ఆ మాట వినగానే పదిమంది మనస్సులలో పది రంగులు మెదలుతాయి. రైలు బండ్లకు చిన్న నమూనాలు తయారుచేసే కళాకారునికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఇంజను చక్రాలను, బోగీ తలుపులను కొలిచి చేయవచ్చు. రంగును మాత్రం వెతికి పట్టుకోవాలి.

కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో మహబూబాబాద్ ఒక స్టేషను. ఊరి పాత పేరు మానుకోట. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీదుగా మహబూబాబాద్ అయినది. హైదరాబాదు రాజ్యంలో వాడి, సికింద్రాబాదుల మధ్య 1874లో రైలుమార్గం ఏర్పడింది. అది తూర్పుగా సాగి 1889 నాటికి బెజవాడను చేరుకుంది. 1930లో ఈ రైల్వే నిజాం ప్రభుత్వపు స్వాధీనమైంది. 1951లో మధ్య రైల్వేలో, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో భాగమైంది. పట్టాలు అవే. వాటిపై తిరిగిన బండ్ల మీది పేర్లూ రంగులూ మాత్రం మారుతూ వచ్చాయి.

ఈ మార్గంలో 1969లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. ఆవిరి ఇంజనుతో నడిచే బండ్లలో దేశంలోనే మిక్కిలి వేగం గలదిగా అది పేరు పొందింది. జనగామ, కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ ప్రాంతాల పాతతరం వారు ఆ బండిని నేటికీ తలచుకుంటారు. నాటి ప్రయాణపు బండ్లను లాగిన 'డబ్ల్యూ.పి.' తరగతి ఆవిరి ఇంజనుకు తుపాకీ గుండు వలె పొడుచుకొని వచ్చిన ముక్కు ఉండేది. ఆ ముక్కు మీద నక్షత్రం చిత్రించడం చాలా షెడ్లలో ఆచారం. ఇంజను నలుపు, దాని వెనుక మెరూన్ బోగీల వరుస. నమూనాలు చేసేవారిని ఆకర్షించే దృశ్యమిది. అయితే ఇవాళ దానిని పట్టాల మీద చూడడం సాధ్యం కాదు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల నిత్యసేవ 1995లో ముగిసింది. 1990ల నుండి బోగీలకు ముదురు, లేత నీలం రంగులు రావడంతో మెరూన్ క్రమంగా తెరమరుగైంది.

ఎవరూ దానిని పనిగట్టుకొని భద్రపరచలేదు. రాజుల సెలూన్ బోగీ అయితే ఏ ప్రదర్శనశాలలోనో నిలిచేది. లక్షలమంది రోజూ ఎక్కి దిగిన రెండవ తరగతి బోగీ రంగును దాచిపెట్టాలని ఎవరికి తోస్తుంది? రోడ్డు రవాణా సంస్థ బస్సుకు తెలుగువారు 'ఎర్రబస్సు' అని పేరు పెట్టి, దానిని నానుడిలోకి సైతం ఎక్కించారు. రైలు బోగీ రంగుకు ఆపాటి పేరు కూడా దక్కలేదు. కంటికి నిత్యం కనిపించేది కనుక దానిని చెప్పవలసిన అవసరమే రాలేదు కాబోలు.

'మెరూన్' అన్న పేరు చరిత్ర కూడా విచిత్రమైనదే. అది ఫ్రెంచి భాషలో చెస్ట్‌నట్ అనే గింజకు పేరు. ఫ్రెంచివారు నేటికీ ఆ మాటను గోధుమ వన్నెకే వాడుతారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ఎరుపు వైపు జరిగింది. తెలుగులోకి ఇంగ్లీషు నుండి వచ్చి చీరల దుకాణాల్లో స్థిరపడింది. అంతకుముందు ఇట్టి వన్నెను చెప్పడానికి మాటలు లేకపోలేదు. అమరకోశం ఎరుపు రంగుకే శోణం, అరుణం, పాటలం అని భేదాలు చూపుతుంది. నలుపూ ఎరుపూ కలిసిన వన్నెకు ధూమ్రమని పేరిస్తుంది. ధూమం అనగా పొగ. పొగబండి వెనుక పరుగెత్తిన బోగీల రంగుకు ఇంతకంటే తగిన మాట దొరకదు. కాని నిఘంటువు అర్థం చెప్పగలదు గాని పాళ్లు చెప్పలేదు. ఎంత నలుపు, ఎంత ఎరుపు అన్నది రంగు కలిపేవాడే తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి అతనికి నాలుగు ఆధారాలున్నాయి. నాలుగింటిలో ఏదీ పూర్తిగా నమ్మదగినది కాదు.

మొదటిది జ్ఞాపకం. రోజూ ఆ బండి ఎక్కిన ఉద్యోగిని అడిగితే రంగును వర్ణించగలడు. కాని మనిషి జ్ఞాపకం రంగును కాక రంగు పేరును దాచుకుంటుంది. గుర్తున్న ఎరుపు చూసిన ఎరుపు కంటే సాధారణంగా కాంతివంతంగా ఉంటుంది. పది రంగు చీటీలు ముందు పరచి ఏది ఆ బోగీ రంగని అడిగినప్పుడు ఒకే మనిషి ఉదయం ఒకటి, సాయంత్రం మరొకటి చూపడంలో వింత లేదు.

రెండవది ఛాయాచిత్రం. చూడడానికి ఇది తిరుగులేని సాక్ష్యమనిపిస్తుంది. కాని 1970ల నాటి కలర్ ఫొటో కాగితంలో మూడు రంగు పొరలుంటాయి. ఆల్బంలో చీకట్లో ఉన్నా వాటిలో నీలి పచ్చని పొర ముందుగా క్షీణిస్తుంది. అది తగ్గినకొద్దీ బొమ్మ అంతా ఎర్రబారుతుంది. కనుక నలభై, యాభై ఏండ్ల నాటి ఫొటోలో బోగీ మరీ ఎర్రగా కనిపిస్తే అది బోగీ గుణం కాదు, కాగితపు వార్ధక్యం. దీనిని కనిపెట్టడానికి ఒక సులభోపాయముంది. అదే ఫొటోలో తెల్లచొక్కా తొడిగిన మనిషినో, సున్నం కొట్టిన గోడనో చూడాలి. తెలుపు గులాబి వన్నె తిరిగి ఉంటే బోగీ ఎరుపులో కూడా అంత భాగం తీసివేయాలి. నాటి కోడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో భద్రపరిస్తే ఇంతగా మారవు. అవి దొరికినవారు అదృష్టవంతులు.

మూడవది ప్రమాణ పట్టిక. పెయింట్లకూ ఎనామిళ్లకూ భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన 'ఐ.ఎస్. 5' అనే పట్టికలో ప్రతి రంగుకు ఒక సంఖ్య ఉంటుంది. అందులో 541 మెరూన్, 446 రెడ్ ఆక్సైడ్, 537 సిగ్నల్ రెడ్, 356 గోల్డెన్ యెల్లో. ఈ పట్టిక చేతిలో ఉంటే సగం పని అయినట్లే. మిగిలిన సగమే ముఖ్యం. పట్టికలోనిది డబ్బా మూత తీసిన నాటి రంగు. వర్క్‌షాపు నుండి బయటపడిన బోగీ తెలంగాణ ఎండలో రెండు వేసవులు గడిపిన తరువాత అదే రంగులో ఉండదు. పైపొర సుద్దబారి, ఎరుపు వెలిసి, గోధుమ వన్నెకు దిగుతుంది.

నాలుగవది పాత లోహమే. మూలపడిన బోగీ తలుపో, రేకుముక్కో దొరికితే దాని మీది రంగును ఉప్పుకాగితంతో నాణెమంత మేర ఏటవాలుగా అరగదీస్తారు. చెట్టు మొద్దును కోసినప్పుడు వలయాలు కనిపించినట్లు, ఒకదాని కింద ఒకటిగా వేసిన పూతలన్నీ బయటపడతాయి. పైన నీలం, దాని కింద మెరూన్, ఇంకా కింద మరో మెరూన్. ఎండ తగలని లోపలి పూత అసలు రంగుకు చాలా దగ్గరగా ఉంటుంది. అయితే అన్నిటికంటే అడుగున కనిపించే ఇటుక వన్నెను చూసి మోసపోరాదు. అది బోగీ రంగు కాదు, తుప్పు పట్టకుండా రేకుకు వేసిన రెడ్ ఆక్సైడ్ ప్రైమరు. తొందరపడినవారు దానినే తొలినాటి రంగని భ్రమించే ప్రమాదముంది.

ఈ నాలుగు సాక్ష్యాలు ఒకదానితో ఒకటి కలియవు. అట్టి చోట నమూనాకారుడు ప్రాచీన కావ్యానికి పాఠపరిష్కరణ చేసే పండితుని వంటివాడు. ఏ ప్రతిలో ఏ దోషం రావడానికి అవకాశముందో ముందు గ్రహించి, ఆ దోషాన్ని తీసివేసి, మిగిలినవాటి నుండి మూలాన్ని ఊహించాలి. అంతేగాని నాలుగింటి సగటు తీయడం పరిష్కారం కాదు.

ఇక రంగు కలపడం. ఎరుపులో నలుపు పోస్తే మెరూన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. నలుపు ఎక్కువైతే ఎరుపులోని జీవం పోయి మురికి గోధుమ వన్నె మిగులుతుంది. రెడ్ ఆక్సైడును మూలంగా తీసుకొని, దానిని ముదురు ఎరుపుతో మేల్కొలిపి, ఆ తరువాత నలుపునో ముదురు నీలాన్నో అతి స్వల్పంగా చేర్చడం మంచి పద్ధతి. రెడ్ ఆక్సైడు అంటే మరేమీ కాదు, ఇనుము ప్రాణవాయువుతో కలిసిన పదార్థం. పల్లెల్లో గడపలకూ గోడలకూ పూసే జేగురు మన్నుకు ఎరుపునిచ్చేది కూడా అదే. ఎండకు తట్టుకొనే గుణం దానికి సహజం.

పది చుక్కల రెడ్ ఆక్సైడు, మూడు చుక్కల ముదురు ఎరుపు, ఒక చుక్క నలుపుతో ప్రయత్నం ఆరంభించవచ్చు. ఇది రైల్వేవారి సూత్రం కాదు, బయలుదేరడానికి ఒక చోటు మాత్రమే. ప్రతి మిశ్రమాన్నీ చుక్కల లెక్కతో కాగితం మీద రాసుకొని, పక్కనే ఆ రంగును పూసి ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పటి ఛాయ వేరు, ఆరిన తరువాతి ఛాయ వేరు. నీటితో కలిపే అక్రిలిక్ రంగులు ఆరినకొద్దీ ముదురుతాయి. తడి రంగును చూసి తీర్పు చెప్పినవారు మరునాడు మళ్లీ కలుపుకోవలసి వస్తుంది. రంగును లేతపరచడానికి తెలుపు వేయడం మరొక పొరపాటు. మెరూన్‌లో తెలుపు పడితే గులాబి అవుతుంది. లేత గోధుమ రంగునో, కొద్దిపాటి నారింజనో చేర్చితే ఎండకు వెలిసిన ఛాయ వస్తుంది. ఇదే విధంగా స్టేషను పేరు పలక పసుపును ముదురు చేయడానికి నలుపు కలిపితే అది ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. దానికి గోధుమ రంగే శరణ్యం.

రంగును ఎక్కడ నిలబడి చూస్తారన్నది కూడా రంగు కలపడంలో భాగమే. పగటివేళ వసారా నీడలో సరిగ్గా సరిపోయిన రెండు మెరూన్లు రాత్రి ట్యూబులైటు కింద వేరువేరుగా కనిపించడం కద్దు. రెండు పెయింట్లలోని మూలద్రవ్యాలు వేరైనప్పుడు ఇలా జరుగుతుంది. ఒక వెలుగులో రెండూ ఒకే విధంగా కాంతిని తిప్పికొట్టినట్లు కంటికి తోస్తుంది. వెలుగు మారగానే తేడా బయటపడుతుంది. పర్యాయపదాల విషయమూ ఇంతే. 'నీరు', 'జలం' ఒక వాక్యంలో ఒకదాని స్థానంలో మరొకటి ఒదుగుతాయి. 'కంట నీరు' అన్నచోట జలం ఒదగదు. కాబట్టి నమూనాను చివరకు ఏ దీపం కింద ఉంచుతారో ఆ దీపం కింద కూడా రంగును పరీక్షించాలి.

రంగు కింద ఏముందన్నది మరొక ప్రశ్న. జనగామకు చేరువలో, నేటి సిద్ధిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాశి చిత్రకారులకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. వారు నేతగుడ్డ మీద నేరుగా బొమ్మ వేయరు. గంజి, చింతగింజల అంబలి, తెల్ల సుద్దమన్ను కలిపి గుడ్డకు పూత పూసి, అది ఆరి గట్టిపడిన తరువాతనే కుంచె పట్టుకుంటారు. చేర్యాల పటంలోని ఎర్రని నేపథ్యానికి ఆ కాంతి రావడంలో అడుగున ఉన్న తెలుపు పాత్ర కూడా ఉంది. రైలు నమూనాకు కూడా ఇదే న్యాయం. బూడిద రంగు ప్రైమరు మీద వేసిన మెరూన్ చల్లబడి, మసకబారి కనిపిస్తుంది. అదే మెరూన్‌ను ఇటుక రంగు ప్రైమరు మీద వేస్తే వెచ్చగా మెరుస్తుంది. అసలు బోగీకి అడుగున రెడ్ ఆక్సైడ్ ఉండేది కనుక నమూనాకు కూడా ఆ వన్నె ప్రైమరు వేయడం ఉచితం. రంగు పరీక్షించే ముక్కకు కూడా అదే ప్రైమరు ఉండాలి. తెల్లకాగితం మీద కుదిరిన రంగు బోగీ మీద కుదరదు.

సాధారణంగా వాడే ఒక కొలత ప్రకారం నమూనా అసలు బండిలో 87వ వంతు ఉంటుంది. అప్పుడు 21 మీటర్లు దాటిన బోగీ సుమారు 245 మిల్లీమీటర్లకు, అనగా జానెడు కంటే కొద్దిగా ఎక్కువకు కుదించుకుపోతుంది. ఈ కొలతలో అమ్మే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లకు పైగా రావాలి. కావున బజారులో దొరికే పట్టాల మీద నిలబెట్టిన భారతీయ రైలు ఎప్పుడూ కొంచెం ఇరుకు కాళ్లతో నిలబడినట్లుంటుంది. పట్టింపు గలవారు పట్టాలు కూడా స్వయంగా వేసుకుంటారు.

పరిమాణం తగ్గినప్పుడు పూత మందం పెద్ద సమస్య అవుతుంది. నమూనా మీద పూత మందం మిల్లీమీటరులో పదోవంతు ఉన్నదనుకుందాం. అసలు బోగీ లెక్కలో అది దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల పూతతో సమానం. తలుపు అంచులు, రివెట్లు, కిటికీ చట్రాలు అన్నీ అందులో మునిగిపోతాయి. అందువలన కుంచె కంటే గాలి ఒత్తిడితో రంగును తుంపరగా చల్లే ఎయిర్‌బ్రష్ మేలు. రంగును పాలంత పలుచన చేసి, చదరపు అంగుళానికి 15 నుండి 20 పౌన్ల ఒత్తిడితో, జానెడు లోపు దూరం నుండి చల్లుతారు. మొదటి పూతకే రంగు పూర్తిగా కమ్ముకోవాలని ఆశించరాదు. మూడు నాలుగు పలుచని పూతలు, ఒక్కొక్కటి ఆరిన తరువాతనే మరొకటి. చేయి బోగీకి ఇవతలే కదలడం మొదలుపెట్టి, అవతలికి దాటిన తరువాతనే ఆగాలి. బోగీ మీద చేయి ఆగితే అక్కడ రంగు కారుతుంది. థిన్నరు ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, నిప్పును త్వరగా అందుకుంటుంది. కిటికీలు తెరచి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకొని, వంటపొయ్యికి దూరంగా పని చేయాలి.

బోగీ మీది అక్షరాలను చేత్తో రాయడం సాధ్యం కాదు. నూరు మిల్లీమీటర్ల అక్షరం నమూనాలో ఒక మిల్లీమీటరు కంటే స్వల్పంగా ఎక్కువ. నీటిలో నానబెట్టి అంటించే పలుచని ముద్రలను వాడుతారు. అవి నునుపైన మెరుపు పూత మీద మాత్రమే చక్కగా అంటుకుంటాయి. గరుకు పూత మీద అంటిస్తే అడుగున గాలి నిలిచి తెల్లగా కనిపిస్తుంది. అందుకని ముందు మెరుపు వార్నీషు, దానిపై అక్షరాలు, చివరకు మెరుపు తగ్గించే వార్నీషు వేస్తారు. పూర్తి మెరుపుతో వదిలివేస్తే ఎంత శ్రమించి కలిపిన రంగయినా తిరునాళ్లలో కొన్న ఆటబొమ్మను తలపిస్తుంది.

ఇక్కడ నమూనాకారుల మధ్య ఒక పాత వివాదముంది. 87వ వంతు నమూనాను అరమీటరు దూరం నుండి చూడడమంటే అసలు బండిని 43 మీటర్ల పైచిలుకు దూరం నుండి చూడడం. అంత దూరంలో గాలి, ధూళి అడ్డుపడి రంగు కొంత పాలిపోతుంది కనుక నమూనాకు కూడా లేత రంగే వేయాలని కొందరి వాదం. మరికొందరు దానిని అంగీకరించరు. అసలు బండి మీది పెయింటునే నమూనాకు పూయడం నిజాయితీ అని వారి మతం. నలభై మీటర్ల గాలి ఒక రంగును అంతగా మార్చదన్న మాట నిజమే. కాని చిన్న వస్తువు మీద ముదురు రంగు మరింత ముదురుగా తోచడం కూడా కంటికి తెలిసిన సత్యమే. గది దీపం మధ్యాహ్నపు సూర్యునికి సాటి రాదు. మానుకోట ప్లాట్‌ఫారం మీద ఎండలో మెరూన్‌గా కనిపించినది గదిలో నల్లగా కనిపిస్తే చూసేవానికి ఆ బండి గుర్తుకు రాదు. కాబట్టి పట్టిక రంగు కంటే కొంచెం లేతగా కలపడమే సమంజసం. ఎంత కొంచెమన్నది కన్ను చెప్పాలి.

మాసినతనం చివరి అంకం. ఆవిరి ఇంజనుకు దగ్గరగా ఉండే బోగీల పైకప్పు మీద మసి ఎక్కువ. చక్రాల పైభాగాన, బోగీ దిగువ అంచున బ్రేకు దిమ్మెల ఇనుప పొడి పడి తుప్పు వన్నె ఏర్పడుతుంది. డోర్నకల్ నుండి కారేపల్లి, ఇల్లందు వైపు చీలే శాఖ సింగరేణి బొగ్గు కోసం వేసినది. ఆ జంక్షనును నమూనాగా చేసేవారు పట్టాల మధ్య కంకరను కూడా కొంత నల్లబరచవలసి ఉంటుంది. ఈ మసిని నలుపు పెయింటుతో వేస్తే అతికించినట్లుంటుంది. రంగుసుద్దను పొడి చేసి మెత్తని కుంచెతో అద్దితే సహజంగా ఉంటుంది. అద్దిన దానిలో సగం తుడిచివేయడం అవసరం. మాసిన బండిని చూపబోయి పాడుబడిన బండిని చూపడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

బోగీలన్నిటికీ ఒకే మెరూన్ వేయడం కూడా అటువంటిదే. ఒక బండిలోని బోగీలన్నీ ఒకేనాడు వర్క్‌షాపుకు వెళ్లవు. ఒకటి నిన్ననే రంగు వేయించుకొని వచ్చి ఉంటుంది, దాని పక్కది రెండేండ్ల ఎండ భరించి ఉంటుంది, ఆ పక్కదాని ఒక తలుపు మాత్రమే మరమ్మతులో మారి కొత్త రంగులో ఉంటుంది. కనుక అనుభవజ్ఞుడు ఒక మూల మిశ్రమాన్ని సీసాలో సిద్ధం చేసుకొని, ప్రతి బోగీకి దానిలో రెండు మూడు చుక్కల గోధుమనో ఎరుపునో మార్చి కలుపుతాడు. ఏ బోగీ ఏ సంవత్సరంలో వర్క్‌షాపు చూసినట్లు భావించాడో, దానికి ఏ రంగు ఎన్ని చుక్కలు కలిపాడో ఒక చీటీ మీద రాసి, ఆ బోగీ అడుగున కంటికి కనబడకుండా అంటిస్తాడు.